వైజాగ్ టు శంషాబాద్: దూరం ఎంత, టైం ఎక్కడ పోతోంది (కొలతల డైరీ)

టికెట్ మీద వైజాగ్ నుంచి హైదరాబాద్‌కి గంటా ఇరవై అని ఉంటుంది. రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దూరం 512 కిలోమీటర్లు. జెట్ విమానం పైన గంటకి 830 కి.మీ. ప్రాంతంలో పోతుంది కదా అని భాగిస్తే 37 నిమిషాలే వస్తుంది. మిగతా నలభై మూడు నిమిషాలు ఎక్కడికి పోతున్నాయో ముక్కలు ముక్కలుగా కొలిచి రాసుకున్నదే ఇది. మీ ఊరి ఎయిర్‌పోర్ట్‌కి ఇంకో ఎయిర్‌పోర్ట్‌కి మధ్య ఎవరైనా ఇదే చేసుకోవచ్చు, అందుకే పని చెయ్యని పద్ధతులు కూడా అన్నీ రాస్తున్నా.

సామాను: ఒక పాత ఆండ్రాయిడ్ ఫోన్, చేతి గడియారం, చిన్న నోట్‌బుక్, లాప్‌టాప్‌లో లెక్కల షీట్ కోసం లిబ్రెఆఫీస్. అంతకు మించి కొన్నదేం లేదు. విమానాలు పంపే ఏడీఎస్-బీ సిగ్నల్ పట్టే రిసీవర్ డాబా మీద పెడదామా అనే ఆలోచన వచ్చింది గానీ ఇక్కడ రన్‌వే నేవీది, ఐఎన్ఎస్ డేగ లోపల ఉంది, అలాంటి చోటు పక్కన యాంటెనా లేపడం అనవసరం అనిపించి వదిలేశా. పాసింజర్‌గా సీట్లో కూర్చుని కొలవగలిగినదే కొలిచా.

స్టేజ్ 1: రెండు చుక్కలు ఖాయం చెయ్యడం

దూరం లెక్క కన్నా ముందు ఏ చుక్క నుంచి ఏ చుక్కకి అనేది తేల్చుకోవాలి. టెర్మినల్ గేటా, రన్‌వే చివరా, పార్కింగా? ఎయిర్‌పోర్ట్‌కి అధికారికంగా ఇచ్చే అక్షాంశ రేఖాంశాలు టెర్మినల్‌వి కావు, మామూలుగా రన్‌వేల మధ్య ప్రాంతంలో ఉండే రిఫరెన్స్ పాయింట్‌వి. నేను వాడినవి ఇవి:

వైజాగ్: 17°43′16″ ఉత్తరం, 83°13′28″ తూర్పు
శంషాబాద్: 17°14′24″ ఉత్తరం, 78°25′41″ తూర్పు

ఇక్కడే మొదటి గొయ్యి. ఇవి డిగ్రీలు, నిమిషాలు, సెకన్లు. షీట్‌లో పెట్టాలంటే దశాంశాల్లోకి మార్చాలి. మా అక్క కూతురు ఇంటర్ ఎంపీసీ, లెక్కల్లో నాకు తోడు తనే, మ్యాప్‌లో 17.4316, 83.1328 అని కొట్టి "మావయ్యా, మన ఎయిర్‌పోర్ట్ పూడిమడక దగ్గర సముద్రంలో పడిందేంటి" అంది. నిమిషాలని నేరుగా పాయింట్ తర్వాత పెడితే అలాగే పడుతుంది, చుక్క ముప్పై మూడు కిలోమీటర్ల పైన జరిగిపోతుంది. అందుకే:

1. నిమిషాలని 60తో భాగించు.
2. సెకన్లని 3600తో భాగించు.
3. రెండూ డిగ్రీలకి కలుపు.
4. వచ్చిన నంబర్‌ని మ్యాప్‌లో కొట్టి చుక్క రన్‌వే మీదే పడిందా చూడు. ఈ నాలుగోది మాత్రం మానొద్దు.

వైజాగ్ 17.7211, 83.2244. శంషాబాద్ 17.2400, 78.4281.

ఇంకో డేటాబేస్‌లో శంషాబాద్ చుక్క దాదాపు కిలోమీటరు దక్షిణంగా ఉంది. ఏది కరెక్ట్ అని తల పట్టుకునే ముందు రెండూ పెట్టి చూస్తే దూరం తేడా వంద మీటర్ల ప్రాంతంలోనే ఉంది, ఎందుకంటే మన దారి తూర్పు పడమరగా ఉంది, చుక్క ఉత్తర దక్షిణంగా జరిగితే పొడవు పెద్దగా మారదు. పైగా వైజాగ్ రన్‌వే ఒక్కటే 3,050 మీటర్లు, శంషాబాద్ పెద్ద రన్‌వే 4,260 మీటర్లు. చక్రం రన్‌వే మీద ఎక్కడ తాకుతుందో అన్న దాంట్లోనే అంత తేడా ఉంటే మీటర్ల లెక్క దేనికి. కిలోమీటర్‌లో ఒక దశాంశం వరకు చాలు అని అక్కడే నిర్ణయించుకున్నాం.

స్టేజ్ 2: నేల మీద దూరం

మొదట ఇంట్లో ఉన్న గ్లోబు మీద దారం పెట్టి చూశాం. పన్నెండు అంగుళాల గ్లోబు మీద 512 కి.మీ. అంటే 1.2 సెంటీమీటర్లు. ఒక మిల్లీమీటరు తేడా వస్తే 42 కిలోమీటర్లు పోతుంది. వైజాగ్ నుంచి న్యూయార్క్‌కి అయితే దారం బాగుంటుంది, దారి ఉత్తరం వైపు ఎలా వంగుతుందో కళ్ళకి కనిపిస్తుంది కూడా. మన దూరానికి పనికిరాదు.

తర్వాత డిగ్రీకి 111.2 కి.మీ. అని పట్టుకుని స్కూల్లో నేర్పిన పైథాగరస్. అక్షాంశాల తేడా 0.4811 డిగ్రీలు, రేఖాంశాల తేడా 4.7964 డిగ్రీలు. నేరుగా వర్గాలు కలిపి మూలం తీసి 111.2తో గుణిస్తే 536 కి.మీ. వస్తుంది. ఇరవై నాలుగు కిలోమీటర్లు ఎక్కువ. ఎందుకంటే రేఖాంశాలు భూమధ్యరేఖ దగ్గరే 111 కి.మీ. ఎడంగా ఉంటాయి, పైకి వెళ్ళేకొద్దీ దగ్గరవుతాయి. మన అక్షాంశంలో ఒక రేఖాంశ డిగ్రీ 106 కి.మీ. మాత్రమే. రేఖాంశాల తేడాని సగటు అక్షాంశం కొసైన్‌తో, అంటే 0.9538తో గుణించి మళ్ళీ చేస్తే 511.5. ఒక్క గుణకారంతో ఇరవై నాలుగు కి.మీ. సర్దుకుంది. ఇంత దగ్గర ఊళ్ళకి నిజంగా ఇది చాలు.

కానీ దూరం ఊళ్ళకి కూడా ఇదే షీట్ వాడాలంటే హావర్‌సైన్ కావాలి, అంటే గుండ్రటి భూమి మీద రెండు చుక్కల మధ్య దూరం తీసే సూత్రం. అంకెలతో సహా ఇస్తున్నా, మీ షీట్ సరిగ్గా ఉందో లేదో మధ్యలోనే తెలిసిపోతుంది:

1. అన్ని డిగ్రీలనీ రేడియన్లు (కోణానికి ఇంకో కొలత) చెయ్యి. షీట్‌లో సైన్, కొసైన్ రేడియన్లే తీసుకుంటాయి, డిగ్రీలు ఇచ్చినా ఎర్రర్ చూపించకుండా ఏదో ఒక అంకె ఇచ్చేస్తాయి, అదే ప్రమాదం.
2. అక్షాంశాల తేడాలో సగానికి సైన్, దాని వర్గం: 0.0000176.
3. రేఖాంశాల తేడాలో సగానికి సైన్, దాని వర్గం, రెండు అక్షాంశాల కొసైన్‌లతో గుణకారం: 0.0015929.
4. రెండూ కలుపు: 0.0016105. వర్గమూలం: 0.04013.
5. ఆర్క్ సైన్ తీసి రెట్టింపు చెయ్యి: 0.080285.
6. భూమి సగటు వ్యాసార్ధం 6371తో గుణించు: 511.5 కి.మీ.

భూమి గుండ్రటి బంతి కాదు, ధ్రువాల దగ్గర కొంచెం నొక్కినట్టు ఉంటుంది. జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 ఆకారం మీద లెక్క కట్టడానికి విన్సెంటీ 1975లో ఇచ్చిన పద్ధతి ఉంది, కార్నీ 2013లో ఇచ్చినది ఇంకా గట్టిది, జియోగ్రఫిక్‌లిబ్ అని ఉచితంగా దొరుకుతుంది. దాంతో 512.2. అంటే బంతి లెక్కకి దీనికి 700 మీటర్ల తేడా. తూర్పు పడమర దారి కాబట్టి ఎక్కువ వచ్చింది. మన అక్షాంశంలో ఉత్తర దక్షిణ దారి అయితే తక్కువ వచ్చేది.

దిక్కు కూడా తీశాం (ఉత్తరం 0, తూర్పు 90, పడమర 270 లెక్కన). వైజాగ్ దగ్గర బయలుదేరేటప్పుడు 264.7 డిగ్రీలు, శంషాబాద్ చేరేటప్పటికి 263.3. దగ్గరి దారిలో పోవాలంటే దిక్కు మెల్లగా 1.4 డిగ్రీలు తిరగాలన్నమాట. ఒకే దిక్కు పట్టుకుని పోతే ఎంత నష్టం అని లెక్క వేస్తే మధ్యలో పక్కకి 1.6 కి.మీ. జరుగుతుంది గానీ మొత్తం పొడవులో తేడా 14 మీటర్లే. దగ్గరి దారి వంపు గురించి చదివినదంతా ఖండాలు దాటే దారులకే, మన దారికి దాని బరువు ఏమీ లేదు.

చివరగా ఎత్తు. పది కిలోమీటర్ల పైన ఎగిరితే వృత్తం పెద్దదవుతుంది కదా, దారి మొత్తం అంత ఎత్తులోనే ఉన్నా కలిసేది 0.8 కి.మీ.

ఇప్పటికి దూరం లెక్క:
బంతి మీద 511.5
ఆకారం సవరణ +0.7 = 512.2
ఎత్తు సవరణ, మహా అయితే +0.8 = 513.0

ఇక్కడ దాకా ఒక సాయంత్రం పని. దూరం ఇంత తేలిగ్గా తేలిపోయాక అసలు కష్టం టైంలో ఉందని అర్థమైంది.

స్టేజ్ 3: సీట్లో జీపీఎస్

ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో ఉన్నా జీపీఎస్ పని చేస్తుంది, అది వినడమే గానీ పంపేది ఏమీ లేదు. అయినా క్రూ అడిగితే స్క్రీన్ చూపించి ఏం చేస్తున్నామో చెప్పాలి, వద్దంటే ఆపెయ్యాలి. ఇంకోటి గట్టిగా చెప్తున్నా, వైజాగ్ నేవీ ఎయిర్‌ఫీల్డ్, కిందనుంచీ కిటికీలోంచీ ఫోటోలు వీడియోలు తియ్యకూడదు. అక్కడ నేల మీద ఉండగా జీపీఎస్ రికార్డింగ్ కూడా నేను పెట్టలేదు, గాల్లోకి లేచి సముద్రమో కొండలో దాటాక ఆన్ చేసేవాణ్ణి, అక్కడ దిగేటప్పుడు చివర్లో ఆపేసేవాణ్ణి. రన్‌వే మీద టైములకి గడియారం చాలు.

మొదటి ప్రయాణంలో మధ్య సీటు. ఏమీ రాలేదు. అల్యూమినియం డబ్బాలో కూర్చున్నాం, ఆకాశం కనపడేది కిటికీలోంచే. ఫోన్ "సిగ్నల్ కోసం వెతుకుతోంది" అంటూనే హైదరాబాద్ వచ్చేసింది.

కిటికీ సీటు తీసుకున్నా మొదట్లో చాలాసేపు పట్టేది. కారణం ఏంటంటే మామూలుగా ఫోన్ ఉపగ్రహాలు ఎక్కడున్నాయో నెట్ ద్వారా తెలుసుకుంటుంది, అందుకే కింద క్షణాల్లో పట్టేస్తుంది. నెట్ ఆపేస్తే ఆ సమాచారం ఉపగ్రహం నుంచే నేరుగా వినాలి, ఒక్కో ఉపగ్రహం తన కక్ష్య వివరం చెప్పడానికి అరనిమిషం పడుతుంది, ఆ అరనిమిషంలో సిగ్నల్ తెగితే మళ్ళీ మొదటికి. కిటికీ పక్కన సగం ఆకాశమే కనపడుతూ, విమానం తిరుగుతూ ఉంటే తెగుతూనే ఉంటుంది.

ఏం మార్చానంటే:

1. ఇంటి దగ్గర ఆటో ఎక్కే ముందే బయట నిలబడి పూర్తి ఫిక్స్ (ఫోన్ తను ఉన్న చోటు పట్టుకోవడం) తెచ్చుకోవడం, ఒక ఐదు నిమిషాలు అలాగే ఉంచడం.
2. ఫోన్‌ని కిటికీ అద్దానికి ఆనించి నిలువుగా పెట్టడం, ఒళ్ళో కాదు.
3. ట్రాక్ రాసుకునే లాగర్ యాప్‌కి బ్యాటరీ ఆదా సెట్టింగ్ తీసెయ్యడం. ఇది చెయ్యకపోతే స్క్రీన్ ఆరిన కాసేపటికి ఫోనే యాప్‌ని చంపేస్తుంది, దిగాక చూస్తే ట్రాక్ సగమే ఉంటుంది.
4. రికార్డ్ అయ్యే టైం యూటీసీ, అంటే ప్రపంచమంతా వాడే ప్రామాణిక టైం. మన టైం కావాలంటే 5:30 కలపాలి. తెల్లవారుజామున ఫ్లైట్ అయితే తేదీ కూడా ముందు రోజుది చూపిస్తుంది, కంగారు పడొద్దు.

ఎత్తు విషయంలో ఒక మాట. కొన్ని యాప్‌లు సముద్ర మట్టం నుంచి కాకుండా డబ్ల్యూజీఎస్ ఆకారం నుంచి ఎత్తు చూపిస్తాయి. మన దేశంలో నిజమైన సముద్ర మట్టం ఆ ఆకారం కంటే పదుల మీటర్లు కింద ఉంది, అందుకే బీచ్ రోడ్ మీద నిలబడితే ఎత్తు మైనస్‌లో చూపిస్తుంది. ఫోన్ చెడిపోలేదు. పైకి వెళ్ళాక వేరే తేడా. పైలట్ చెప్పే 32,000 అడుగులు గాలి పీడనం నుంచి తీసిన అంకె, ప్రామాణిక వాతావరణం అనుకుని. మన దగ్గర గాలి ఆ ప్రమాణం కంటే వేడి, అదే పీడనం ఇంకా పైన దొరుకుతుంది. అందుకే జీపీఎస్ ఎత్తు నాలుగైదు వందల మీటర్లు ఎక్కువ చూపించడం మామూలే. రెండిట్లో ఏదీ తప్పు కాదు, కొలిచేదే వేరు.

ఆ ఎత్తుల్లోనే ఒక మంచి తనిఖీ దొరికింది. తూర్పు వైపు పోయే విమానాలకి బేసి ఎత్తులు, అంటే 31, 33 వేలు, పడమర పోయేవాటికి సరి ఎత్తులు, 30, 32, 34 వేలు. హైదరాబాద్ పోయేటప్పుడు వచ్చేటప్పుడు రాసుకున్న ఎత్తులు ఈ రూల్‌కి సరిపోయాయి.

స్టేజ్ 4: ట్రాక్ పొడవు ఎందుకు కుదరలేదు

ట్రాక్ చేతికొచ్చింది, పాయింట్ల మధ్య దూరాలు కలిపితే ఎగిరిన దూరం వస్తుంది అనుకుంటాం. రాదు. రెండు దోషాలు, ఒకటి పెంచుతుంది, ఇంకోటి తగ్గిస్తుంది.

పెంచేది వణుకు. ఫోన్ కదలకపోయినా పాయింట్ రెండు మూడు మీటర్లు అటూ ఇటూ ఊగుతుంది. సెకనుకో పాయింట్ పెట్టి ఫోన్‌ని డాబా గోడ మీద గంట వదిలేస్తే ట్రాక్ కిలోమీటర్ పైన "నడిచింది". గాల్లో ఉన్నప్పుడు సెకనుకి 200 మీటర్ల పైన పోతాం కాబట్టి ఆ వణుకు లెక్కలోకి రాదు, అసలు బాధ విమానం నిలబడి ఉన్నప్పుడే. శంషాబాద్‌లో దిగాక గేటు ఖాళీ లేక ఆగితే అక్కడ దూరం పెరుగుతూ పోతుంది. వేగం సెకనుకి 2 మీటర్ల లోపు ఉన్న పాయింట్లన్నీ తీసేశా, సమస్య పోయింది.

తగ్గించేది ఖాళీ. నిమిషానికో పాయింట్ పెట్టి బ్యాటరీ ఆదా చేద్దామని చూస్తే మలుపులన్నీ కోసుకుపోయాయి. లెక్క వేసి చూశాం: దిగే ముందు 250 నాట్ల (నాట్ అంటే గంటకి ఒక నాటికల్ మైలు, 1.852 కి.మీ.) వేగంతో, 25 డిగ్రీలు పక్కకి వంగి సగం చుట్టు తిరిగితే ఆ వంపు పొడవు 11 కి.మీ. నిమిషానికో పాయింట్ అయితే అందులో రెండు కిలోమీటర్లు మాయం. పది సెకన్లకో పాయింట్ అయితే నష్టం అర శాతం. అందుకని పది సెకన్లు ఖాయం చేశాం. సిగ్నల్ తెగిన చోట షీట్ నేరుగా గీత గీసేస్తుంది, సరిగ్గా మలుపులోనే విమానం వంగి కిటికీ నేల వైపు తిరిగి సిగ్నల్ పోతుంది, కాబట్టి 30 సెకన్ల కంటే ఎక్కువ ఖాళీ ఉంటే ఆ వరసకి ఎర్ర రంగు పడేలా పెట్టుకోండి. ఎర్రది కనిపిస్తే ఆ ప్రయాణం దూరం లెక్కలోంచి తీసెయ్యండి, టైం లెక్కలో ఉంచండి.

ఇన్ని సర్దాక వచ్చినది: వైజాగ్ నుంచి హైదరాబాద్ 535–545 కి.మీ., హైదరాబాద్ నుంచి వైజాగ్ ఎక్కువసార్లు 550 పైన. రావడం ఎందుకు ఎక్కువ అంటే మ్యాప్ మీద ట్రాక్ చూస్తే చాలు. ఇక్కడి రన్‌వే 10/28, అంటే దాదాపు తూర్పు పడమర. విమానం పడమర నుంచి వస్తుంది, కానీ 28 వైపు, అంటే పడమర ముఖంగా, దిగాలంటే తూర్పు నుంచి రావాలి. అంటే ఊరు దాటి సముద్రం మీదకి పోయి అక్కడ తిరిగి మళ్ళీ పడమరకి రావాలి. కిటికీలోంచి మొత్తం బంగాళాఖాతం, ఓడలు చూపించే ఆ మలుపే ఇరవై ముప్పై కిలోమీటర్లు. తిన్నగా 10 వైపు దిగిన రోజు ట్రాక్ పొట్టిగా వచ్చింది.

ఇప్పటికి దూరం లెక్క:
గాల్లో నేరుగా 513
పోయేటప్పుడు మలుపులు +25 నుంచి +30 = 540 ప్రాంతం
వచ్చేటప్పుడు సముద్రం మలుపుతో +40 నుంచి +50 = 553–563

స్టేజ్ 5: నాలుగు టైములు

"ఎంతసేపు పట్టింది" అని అడిగితే ఒకరు తలుపు మూసినప్పటి నుంచి చెప్తారు, ఒకరు లేచినప్పటి నుంచి చెప్తారు, రెండిటికీ ఇరవై నిమిషాల తేడా. విమానాల వాళ్ళు నాలుగు టైములు రాసుకుంటారు, మనమూ అవే రాస్తే సరి.

1. కదిలిన టైం: గేటు దగ్గర వెనక్కి నెట్టడం మొదలైనప్పుడు.
2. లేచిన టైం: చక్రాల గరగర ఒక్కసారిగా ఆగినప్పుడు.
3. తాకిన టైం: చక్రాలు రన్‌వే తగిలినప్పుడు.
4. ఆగిన టైం: చివరగా ఆగి ఇంజిన్ చప్పుడు తగ్గినప్పుడు.

రెండు నుంచి మూడు గాల్లో టైం. ఒకటి నుంచి నాలుగు మొత్తం టైం, టికెట్ మీద వేసేది ఈ మొత్తానిదే. గడియారం ముందు రోజు ఫోన్ టైంతో కలిపి పెట్టుకోవాలి. టైం ఫోన్‌లో టైప్ చెయ్యడం వదిలేసి పెన్నుతో నోట్‌బుక్‌లోకి మారా, లేచే క్షణంలో స్క్రీన్ అన్‌లాక్ చేసేసరికి పది పదిహేను సెకన్లు పోతున్నాయి.

వేరే దేశానికి చేసేవాళ్ళు నాలుగూ యూటీసీలోనే రాసుకోండి. వైజాగ్, సింగపూర్ మధ్య అయితే రెండున్నర గంటల తేడా, లోకల్ టైములు తీసివేస్తే పోయేటప్పుడు ప్రయాణం పెద్దదిగా, వచ్చేటప్పుడు చిన్నదిగా కనపడి బుర్ర తిరుగుతుంది.

ఏటీఆర్ 72 లాంటి ప్రొపెల్లర్ విమానం ఎక్కితే ఆ కాలమ్ వేరుగా పెట్టండి. అది గంటకి 500 కి.మీ. ప్రాంతంలోనే పోతుంది, జెట్‌తో కలిపి సగటు తీస్తే ఆ సగటు రెండిటికీ చెందదు.

జెట్ గాల్లో టైం నాకు 50 నుంచి 58 నిమిషాల మధ్య వచ్చింది. నేరుగా భాగిస్తే వచ్చిన 37 ఎక్కడ, ఇదెక్కడ. జీపీఎస్ వేగం కాలమ్ చూస్తే సమాధానం దొరికింది. ఎక్కడానికి పద్దెనిమిది ఇరవై నిమిషాలు, దిగడానికి ఇరవై పైన. దిగడానికి మామూలు లెక్క వెయ్యి అడుగులకి మూడు నాటికల్ మైళ్ళు, అంటే 32,000 అడుగుల నుంచి దిగాలంటే దాదాపు వంద నాటికల్ మైళ్ళ ముందే మొదలెట్టాలి. మొత్తం దారి 277 నాటికల్ మైళ్ళు. ఎక్కడానికి వంద, దిగడానికి వంద పోతే నిండు వేగంతో పోయేది పది పన్నెండు నిమిషాలే. పది వేల అడుగుల కింద మామూలుగా 250 నాట్లు దాటరు, అది గంటకి 463 కి.మీ. ఇంత చిన్న దారికి "దూరం భాగించు వేగం" ఎందుకు పనికిరాదో ఈ కాలమ్ ఒక్కటి చూస్తే తెలుస్తుంది. మీరు చేస్తే వేగం గ్రాఫ్ తప్పక గీయండి, మొత్తం ప్రాజెక్టులో నాకు బాగా నచ్చిన కాగితం అదే.

స్టేజ్ 6: గాలి

50కి 58కి మధ్య ఎనిమిది నిమిషాల తేడా ఎందుకు? ముందు రన్‌వే మలుపుల వల్ల అనుకున్నాం, కొంత అదే. కానీ జనవరిలో రాసిన వరసలు, జులైలో రాసిన వరసలు పక్కపక్కన పెడితే ఇంకేదో ఉందని తెలిసింది. చలికాలంలో హైదరాబాద్ నుంచి వైజాగ్ రావడం తొందరగా అవుతోంది, సముద్రం మలుపు ఉన్నా సరే. వానాకాలంలో వైజాగ్ నుంచి హైదరాబాద్ పోవడం తొందరగా అవుతోంది.

చలికాలంలో మన నెత్తి మీద ఆ ఎత్తుల్లో గాలి పడమర నుంచి వీస్తుంది. నైరుతి రుతుపవనాల్లో కింద పడమటి గాలే అయినా పైన తూర్పు గాలి. 14 కిలోమీటర్ల ఎత్తు దగ్గర అది పెద్ద ప్రవాహం, ట్రాపికల్ ఈస్టర్లీ జెట్ అంటారు, దాన్ని 1950ల్లో గుర్తించి వివరించింది మన తెలుగు వాతావరణ శాస్త్రవేత్త పి. కోటేశ్వరం. మన విమానాలు దాని కింద అంచుల్లో ఎగురుతాయి. సీట్లో కూర్చుని గడియారంతో రాసిన నాలుగైదు నిమిషాల తేడాలో ఆయన చెప్పిన గాలి కనపడటం నాకైతే చాలా గొప్పగా అనిపించింది, అక్క కూతురికి ఆ సాయంత్రమంతా అదే చెప్పా.

ఊరికే ఊహ కాకుండా అంకెలు కావాలంటే వాతావరణ శాఖ బెలూన్ ఉంది. వైజాగ్‌లోనూ హైదరాబాద్‌లోనూ రోజుకి రెండుసార్లు, మన టైం 5:30, 17:30 లెక్కకి, బెలూన్ ఎగరేసి ఎత్తు వారీగా గాలి కొలుస్తారు. వైజాగ్ స్టేషన్ నంబర్ 43150, హైదరాబాద్ 43128. వయోమింగ్ యూనివర్సిటీ సైట్‌లో తేదీ కొడితే ఆ పట్టిక వస్తుంది. వాడే విధానం:

1. రెండు స్టేషన్లలోనూ గాలి పీడనం 300 హెక్టోపాస్కల్ ఉన్న వరస చూడు, అది దాదాపు 30,000 అడుగుల ఎత్తు.
2. గాలి దిక్కు అంటే అది వచ్చే వైపు. 90 అంటే తూర్పు నుంచి వస్తోందని. ఇది తిరగేస్తే జవాబు మొత్తం తిరగబడుతుంది.
3. గాలి దిక్కులోంచి మన దిక్కు తియ్యి, కొసైన్ తీసి గాలి వేగంతో గుణించు.
4. ప్లస్ వస్తే ఎదురుగాలి, మైనస్ వస్తే తోసే గాలి.

ఉదాహరణకి తూర్పు గాలి 30 నాట్లు, హైదరాబాద్ పోతున్నాం, దిక్కు 264.7. 90లోంచి 264.7 తీస్తే మైనస్ 174.7, కొసైన్ మైనస్ 0.996, గుణిస్తే మైనస్ 29.9. దాదాపు మొత్తం గాలి వెనక నుంచే తోస్తోంది. దారి తూర్పు పడమర కావడం వల్ల ఈ ఊళ్ళ జతలో గాలి ప్రభావం ఇంత స్పష్టంగా కనపడుతోంది.

దాన్ని నిమిషాల్లోకి మార్చడానికి 300 నాట్ల వేగం అని పెట్టొద్దు, 450 అనీ పెట్టొద్దు, మీ సొంత ట్రాక్ సగటు పెట్టండి. నాది ఎక్కడం దిగడం అన్నీ కలిపి 330 నాట్ల ప్రాంతం. ఎక్కేటప్పుడు దిగేటప్పుడు గాలి తక్కువ కాబట్టి పైన 40 ఉన్నా దారి మొత్తానికి 25 అనుకుంటే, 300 నాటికల్ మైళ్ళకి తోసే గాలితో 51 నిమిషాలు, ఎదురుగాలితో 59. నోట్‌బుక్‌లో ఉన్న రెండు చివరలూ దాదాపు ఇవే.

స్టేజ్ 7: గంటా ఇరవై లెక్క తేలింది

గాలి లేని రోజు అనుకుని, జెట్‌కి:

నిండు వేగంతో నేరుగా: 37
ఎక్కడం దిగడంలో నెమ్మది +11 = 48
మలుపులు, వరసలో ఆగడం +6 = 54
వైజాగ్‌లో కదిలి లేచేదాకా +10 = 64
శంషాబాద్‌లో తాకి ఆగేదాకా +8 = 72
టైంటేబుల్‌లో వెసులుబాటు +8 = 80

ఆ చివరి ఎనిమిది నిమిషాల వల్లే ఆలస్యంగా బయలుదేరిన ఫ్లైట్ కూడా ఒక్కోసారి టైంకి దిగేది. వైజాగ్ కదిలి లేచే టైం అన్నిటికంటే ఎక్కువ ఊగింది, నేవీ విమానాలు దిగుతుంటే ఆగాలి, ఆ రోజు పదికి బదులు ఇరవై కూడా అవుతుంది. అందుకే దానికి సగటు కాకుండా మధ్య విలువ వాడాం, ఒక్క పెద్ద ఆలస్యం సగటుని లాగేస్తుంది.

పోలిక కోసం, వందే భారత్ వైజాగ్ నుంచి సికింద్రాబాద్‌కి దాదాపు 700 కి.మీ. ఎనిమిదిన్నర గంటల్లో పోతుంది. పట్టాల దారి విజయవాడ మీదుగా కిందకి దిగి మళ్ళీ పైకి ఎక్కుతుంది, నేరు దూరం కంటే 190 కి.మీ. ఎక్కువ.

స్టేజ్ 8: భోగాపురానికి షీట్ సిద్ధం

విమానాలు ఇక్కడి నుంచి భోగాపురంలోని కొత్త ఎయిర్‌పోర్ట్‌కి మారితే ఈ అంకెలన్నీ మళ్ళీ తియ్యాలి, అందుకే పాత రన్‌వే వరసలు ఇప్పుడే నింపి పెట్టుకోవడం ముఖ్యం, తర్వాత వెనక్కి వెళ్ళి కొలవలేం. చుక్క మ్యాప్ నుంచి ఉజ్జాయింపుగా తీసి పెడితే పాత రన్‌వే నుంచి నేరుగా 40 కి.మీ. ఈశాన్యంగా ఉంది, శంషాబాద్‌కి దూరం దాదాపు 30 కి.మీ. పెరుగుతుంది. నిండు వేగంతో అది రెండు మూడు నిమిషాలే, ఎందుకంటే పెరిగే ముక్క పైన ఎగిరే ముక్కలోనే కలుస్తుంది, ఎక్కడం దిగడం మారవు. నేవీ రన్‌వే కాదు కాబట్టి కదిలి లేచేదాకా పట్టే పది నిమిషాలు తగ్గుతాయా అన్నది అసలు చూడాల్సింది, షీట్‌లో ఆ కాలమ్‌కి పసుపు రంగు వేసి ఉంచా. అక్క కూతురు గాజువాక, ఎంవీపీ కాలనీ, మధురవాడ నుంచి రెండు ఎయిర్‌పోర్టులకీ రోడ్డు టైములు ఉదయం ఏడుకీ సాయంత్రం ఏడుకీ రాయడం మొదలెట్టింది, ఆ పట్టిక నిండాక స్టేజ్ 9గా కలుపుతా.